పుల్లయ్య పేరుకి అర్థం గూగుల్‌లో దొరకదు

మా చెల్లెలి కూతురికి కొడుకు పుట్టాడు. స్వాతి నక్షత్రం, రెండో పాదం. పంతులుగారు "రే" అక్షరం వచ్చిందన్నారు. సాయంత్రానికల్లా వాట్సాప్‌లో ఒక గ్రూపు పుట్టింది, అందులో ఓటింగు పెట్టారు. రేయాంశ్, రేవంత్, రేహాన్, రేవాన్. ఒక్కో పేరు పక్కన దాని అర్థం. "మామయ్యా, మీరూ ఓటెయ్యండి, చూసి వదిలెయ్యకండి" అని ఆ పిల్ల నాకు విడిగా మెసేజ్ పెట్టింది.

నేను ఓటెయ్యకుండా నోరు పారేసుకున్నాను. "రేయాంశ్ అంటే ఏంటమ్మా?" అని అడిగాను. "వెలుగు కిరణం, మామయ్యా. విష్ణుమూర్తి అంశ అని కూడా ఉంది" అంది. అక్కడితో ఆగితే సరిపోయేది. "తెలుగులో రేయి అంటే రాత్రి కదా. రేయి, అంశ కలిపితే చీకటి ముక్క అవుతుందేమో" అన్నాను. గ్రూపులో అరగంట ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, నువ్వు రిటైరైన బ్యాంకు ఉద్యోగివి, తెలుగు మేష్టారివి కాదు. ఊరుకో."

ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

సంస్కృతంలో వెలుగుకి రశ్మి ఉంది, రోచి ఉంది, రుచి కూడా ఉంది. "రేయ" ఎక్కడా కనబడదు. ఇది ఒక్క పేరుతో పోయేది కాదు. ఈ మధ్య బాగా వినబడుతున్న "ఆరవ్" చూడండి. పేర్ల వెబ్‌సైట్లన్నీ దీనికి "ప్రశాంతమైనవాడు" అని రాస్తాయి. రవం అంటే ధ్వని. ముందు పొట్టి "అ" ఉంటే శబ్దం లేనిది అని అర్థం వచ్చేది. కానీ పేరులో ఉన్నది పొడుగు "ఆ". ఆరవం అంటే అరుపు, గోల. ఎవరో ఒకచోట పొరపాటు పడితే మిగతావాళ్ళంతా దాన్నే ఎత్తి రాసుకుని ఉంటారు. మా అపార్ట్‌మెంటులో ముగ్గురు ఆరవ్‌లున్నారు. ముగ్గురూ నిఘంటువు పక్షమే.

తప్పు అర్థం ఒక్కటే అయితే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. అసలు "ఈ పేరుకి అర్థమేంటి?" అన్న ప్రశ్న మీదే నాకు అనుమానం. మా తాత తరంలో ఆ ప్రశ్న ఎవరూ అడిగేవారు కాదు. "ఈ పేరు ఎందుకు పెట్టారు?" అని అడిగేవారు. రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ చాలా తేడా ఉంది.

మా తాత పేరు పుల్లయ్య. చిన్నప్పుడు నేను పుల్ల అంటే కట్టెపుల్ల అనుకునేవాణ్ణి. సన్నగా ఉండేవాడు కూడా. పెద్దయ్యాక మా మేనత్త చెప్పింది. తాతకి ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనో ఏడాది లోపో పోయారట. నాలుగోవాడు పుట్టగానే వాళ్ళమ్మ వాణ్ణి తీసుకెళ్ళి భోజనాలయ్యాక బయట పారేసిన ఎంగిలి విస్తళ్ళ మీద పడుకోబెట్టిందట. ఎంగిలి విస్తరిని పుల్లాకు అనేవారు. దాని మీద దొర్లిన పిల్లాడు పుల్లయ్య. చావు వచ్చి చూస్తే, ఇదెవరో పారేసిన చెత్త అనుకుని పక్కకి పోవాలి. అదీ లెక్క. పెంటకుప్ప మీద పడుకోబెడితే పెంటయ్య. వేరేవాళ్ళకి దానం ఇచ్చినట్టే ఇచ్చి మళ్ళీ భిక్షగా తెచ్చుకుంటే భిక్షమయ్య, భిక్షపతి. శ్రీకాకుళం, విజయనగరం వైపు తవిటయ్య, తవిటినాయుడు అనే పేర్లు వింటాం. గుప్పెడు తవుడుకి పిల్లాణ్ణి అమ్మేసినట్టు నటించి తిరిగి కొనుక్కునేవారు.

ఇది మన పల్లెటూళ్ళ మూఢనమ్మకం అని మా అల్లుడు అన్నాడు. అయితే లోకమంతా పల్లెటూరే. మంగోలియాలో "నెర్గుయ్" అనే పేరుంది, అర్థం "పేరు లేదు". "ఎనెబిష్" అని ఇంకోటి, "ఇది కాదు" అని అర్థం. దుష్టశక్తి వచ్చి ఈ ఇంట్లో పిల్లాడెవరు అంటే "ఇది కాదు" అని సమాధానం పేరులోనే సిద్ధంగా ఉంటుంది. చైనా పల్లెల్లో మగపిల్లాణ్ణి "కుక్క తినగా మిగిలినవాడు" అని పిలిచేవారు. కుక్క కూడా వదిలేసినవాడు యముడికెందుకు? తమిళుల కుప్పుస్వామిలో ఉన్నది కుప్పే, పిచ్చైలో ఉన్నది బిచ్చమే. నైజీరియాలో యోరుబా వాళ్ళకి ఇలాంటి పిల్లల కోసం ప్రత్యేకంగా పేర్లున్నాయి. పుట్టి పోతూ, మళ్ళీ అదే తల్లికి పుట్టే పిల్లలని వాళ్ళ నమ్మకం. "మలోమో" అంటే "మళ్ళీ వెళ్ళకు". "కొకుమో" అంటే "ఇక చనిపోడు". పేరు పెట్టి పిలిచిన ప్రతిసారీ తల్లి వాణ్ణి బతిమాలుకుంటున్నట్టే.

ఒకరినొకరు చూడని ఈ మనుషులంతా ఒకే ఉపాయం ఎలా పట్టుకున్నారంటే, అందరి ఇళ్ళలోనూ ఉయ్యాలలు ఖాళీ అవుతుండేవి కాబట్టి. మన దేశంలో 1971 నాటికి కూడా పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది ఏడాది నిండకుండా పోయేవారు. మా తాత పుట్టిన కాలం ఇంకా ఘోరం. 2020 లెక్కల్లో ఆ సంఖ్య 28కి దిగింది. పెంటయ్యలు, పుల్లయ్యలు తగ్గిపోవడానికి ఫ్యాషన్ ఒక్కటే కారణం కాదని నా నమ్మకం. ఊరికి నర్సమ్మ వచ్చింది, టీకాలు వచ్చాయి, చావుని మోసం చెయ్యాల్సిన అవసరం తగ్గింది. పుల్లయ్య పేరు పోయినందుకు నేను ఏడవను. పోవాల్సిందే.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పకపోతే నా వాదన దొంగ వాదన అవుతుంది. పెంటయ్యలందరూ తల్లి ప్రేమతో పెంటయ్యలైనవాళ్ళు కాదు. మనుస్మృతి రెండో అధ్యాయం పేర్లకి ఒక పట్టిక ఇస్తుంది. బ్రాహ్మణుడి పేరు మంగళకరంగా ఉండాలి, క్షత్రియుడిది బలాన్ని, వైశ్యుడిది ధనాన్ని సూచించాలి, శూద్రుడిది జుగుప్స కలిగించాలి. అలాగని శాస్త్రం చదివి ఎవరూ పేర్లు పెట్టి ఉండకపోవచ్చు. ఊళ్ళో జరిగింది మాత్రం దానికి దూరంగా ఏమీ లేదు. ఇంట్లో ఎల్లయ్య అయినవాడు దొర వాకిట్లోకి వచ్చేసరికి ఎల్లిగాడు అయ్యేవాడు. అయ్య, అన్న, అప్ప అనేవి మన భాషలో తండ్రినీ అన్ననీ పెద్దవాణ్ణీ పిలిచే మాటలు. ఉయ్యాలలో ఉన్న పసిగుడ్డుకి కూడా పేరు చివర ఆ గౌరవం తగిలించి పిలిచిన జాతి మనది. అదే గౌరవాన్ని కొందరి పేర్ల నుంచి కోసేసిన జాతీ మనదే. అలాంటి ఇంట్లోంచి వచ్చిన కుర్రాడు తన కొడుక్కి రాజేష్ అనో ఆనంద్ అనో అంబేద్కర్ అనో పెట్టుకుంటే, పాత పేర్లు పోతున్నాయని బాధపడే హక్కు నాలాంటివాడికి లేదు. వాళ్ళ పేరు మార్పు వెనక కారణముంది. చాలా పెద్ద కారణం.

నాకు విసుగొచ్చేది కారణమే లేని పేర్ల దగ్గర.

బ్యాంకులో ముప్ఫై ఏళ్ళకి పైగా పని చేశాను. ఉమ్మడి రాష్ట్రంలో అటూ ఇటూ బదిలీలు. కొత్త బ్రాంచికి వెళ్ళిన మొదటి వారం నేను చేసే పని లెడ్జర్లు తిరగేసి పేర్లు చదవడం. వరంగల్ వైపు కొమురయ్య, ఐలయ్య, సమ్మయ్య, సారయ్య. కొమురవెల్లి మల్లన్న, ఐనవోలు మల్లన్న, మేడారం సమ్మక్క సారలమ్మలు ఆ పేర్లలో కూర్చుని ఉంటారు. నల్లగొండ దాటుతుంటే యాదయ్య, యాదగిరి. నెల్లూరు జిల్లాలో పెంచలయ్య తగిలాడంటే పెంచలకోన దగ్గర్లోనే ఉందన్నమాట. కర్నూలు వైపు ఓబులేసు, మద్దిలేటి. అహోబిలేశుడు జనం నోట్లో అరిగి అరిగి ఓబులేసు అయ్యాడు. విశాఖ చుట్టుపక్కల అప్పలరాజు, అప్పలనాయుడు, సింహాచలం. విజయనగరంలో పైడిరాజు. తుని దగ్గర లోవరాజు, తలుపులమ్మ లోవ పేరు మీద. ఆధార్ కార్డులో చిరునామా చూడకుండానే మనిషి ఊరు చెప్పేవాణ్ణి. పది సార్లు చెబితే ఏడెనిమిది సార్లు నిజమయ్యేది. (మిగతా రెండు మూడు సార్లు వాళ్ళు అమ్మమ్మగారి ఊళ్ళో పుట్టి ఉండేవారు.)

నా పేరే తీసుకోండి. కోటేశ్వరరావు. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. మా అమ్మ కోటప్పకొండకి మొక్కుకుంటే పుట్టానట. ఒకసారి ట్రైనింగులో ఉత్తరాది సహోద్యోగి ఒకాయన "కోటి అంటే వంద లక్షలా?" అని అడిగాడు. ఇంకొకాయన "కోట అంటే కిల్లా కదా" అన్నాడు. పండితులైతే త్రికూటం అంటారు, మూడు శిఖరాలు. మూడింటిలో ఏది నా పేరుకి అర్థం? ఏదీ కాదు. శివరాత్రికి ప్రభ వెనక నడుస్తూ, నిండు నెలలతో ఉన్న మా అమ్మ ఏదో అడిగింది. ఆ అడిగినదే నా పేరు.

గుంటూరు ప్రాంతంలో మస్తాన్‌రావులు, మస్తానయ్యలు ఉంటారు. కాలే మస్తాన్ దర్గాకి మొక్కుకుని పుట్టినవాళ్ళు, చాలామంది హిందువులే. "మస్త్" పారసీ మాట, మత్తు అని అర్థం. దేవుడి ధ్యాసలో ఒళ్ళు మరిచినవాడు మస్తాన్. మస్తుగుంది అని తెలంగాణలో అంటారే, ఆ మస్తూ ఇదీ ఒకటే. రాయలసీమలో దస్తగిరి ఇంకా తమాషా. చివర గిరి ఉంది కాబట్టి ఏదో కొండ పేరనుకున్నాను చాలాకాలం. అది "దస్త్‌గీర్". దస్త్ అంటే చెయ్యి. దస్తావేజులో ఉన్న దస్తు, దస్తీలో ఉన్న దస్తు. దస్తగీర్ అంటే చెయ్యి పట్టుకునేవాడు. బాగ్దాదులో సమాధి ఉన్న అబ్దుల్ ఖాదిర్ జీలానీకి భక్తులు ఇచ్చిన బిరుదు అది. కడప జిల్లాలో ఒక వేరుశనగ రైతు ఆ పేరుతో పంట అప్పు కోసం నా ఎదురుగా కూర్చున్నాడు, నుదుట విభూతి పెట్టుకుని. ఆయనకి అర్థం తెలీదు. "మా యమ్మకు పిల్లోళ్ళు నిలబడ్లేదు సార్, దర్గాకు పోయినాక నేను నిలబడితి" అన్నాడు. నిఘంటువు చెప్పే అర్థం కూడా అక్కడికే వస్తుంది, చూడండి. అర్థం తెలియకుండానే సరైన పేరు పెట్టారు.

పేర్లు ఇలా దేశాలు దాటి రావడం కొత్త కాదు. గ్రీకులో అలెగ్జాండర్ అంటే మనుషుల్ని కాచేవాడు. అరబ్బులు ముందున్న "అల్"ని తమ భాషలో వచ్చే "అల్" అనుకుని ఊడదీశారు, మిగిలింది ఇస్కందర్, పారసీ దాటేసరికి సికందర్. మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో సికిందరాబాద్ అయింది. మాసిడోనియా కుర్రాడి పేరు చెప్పుకుంటూ రోజూ కొన్ని వేలమంది రైలు దిగుతున్నారు.

యోహాను కథ ఇంకా బాగుంటుంది, పైగా అది మా వాట్సాప్ గ్రూపు కథే. బైబిల్లో లూకా సువార్త మొదటి అధ్యాయం. ముసలితనంలో జెకర్యాకి కొడుకు పుట్టాడు. చుట్టాలందరూ చేరి తండ్రి పేరే పెట్టబోయారు. తల్లి ఎలీసబెతు కాదు, యోహాను అని పెట్టాలంది. మీ చుట్టాల్లో ఈ పేరు ఎవరికుంది అని వాళ్ళు వాదనకి దిగారు. తండ్రికి అప్పుడు మాట పడిపోయి ఉంది. సైగలతో అడిగితే పలక తెమ్మని, "వాడి పేరు యోహాను" అని రాశాడు. హీబ్రూలో "యెహోవా కృప చూపాడు" అని అర్థం. ముసలి దంపతులకి పిల్లాడు పుడితే ఇంకేం పేరు పెడతారు?

చుట్టాల్లో ఎవరికీ లేదన్న ఆ పేరు తర్వాత ఎన్ని ఇళ్ళలోకి వెళ్ళిందో లెక్క లేదు. ఇంగ్లీషులో జాన్, ఫ్రెంచిలో ఝాఁ, స్పానిష్‌లో హువాన్, ఇటలీలో జొవాన్ని, జర్మన్‌లో హాన్స్, ఐర్లాండులో షాన్, స్కాట్లాండులో ఇయాన్, రష్యాలో ఇవాన్, ఖురానులో యహ్యా. నాతోపాటు పనిచేసిన ఒక మిత్రుడి ఇంట్లో తాత యోహాను, తండ్రి జాన్‌బాబు. మనవడికి పాత పేర్లు వద్దని వెతికి వెతికి ఇవాన్ అని పెట్టారు. "మొత్తానికి మార్చాం" అన్నాడు మిత్రుడు సంతోషంగా. నేను చెప్పలేదు. మా గ్రూపులో జరిగిన దాని తర్వాత నాకు కొంచెం బుద్ధి వచ్చింది.

తెలుగు బైబిల్ చదివేవాళ్ళకి ఒక విషయంలో ఇంగ్లీషువాళ్ళ కంటే స్పష్టత ఎక్కువ. ఇంగ్లీషులో జేకబ్, జేమ్స్ వేరువేరు పేర్లుగా కనిపిస్తాయి. నిజానికి రెండూ ఒకటే, లాటిన్ దారిలో రెండుగా చీలాయి. తెలుగులో ఇద్దరూ యాకోబే. కవలల్లో రెండోవాడిగా, అన్న మడమ పట్టుకుని పుట్టాడని ఆ పేరు. హీబ్రూలో మడమకి ఉన్న మాట అందులో వినిపిస్తుంది.

ఆ యాకోబు ఇంట్లోనే, పేర్ల గురించి నేను చదివినవాటిలో నన్ను బాగా కదిలించిన సంఘటన జరిగింది. భార్య రాహేలు చిన్న కొడుకుని కంటూ చనిపోయింది. ప్రాణం పోయే ముందు వాడికి "బెనోని" అని పేరు పెట్టింది, నా దుఃఖపు కొడుకు అని. తండ్రి వెంటనే ఆ పేరు మార్చి "బెన్యామీను" అన్నాడు, కుడిచేతి కొడుకు. ఇద్దరిలో ఎవరిది తప్పు? ఆవిడ నిజం చెప్పింది. ఆయన ఆ నిజాన్ని పిల్లాడు జీవితాంతం మొయ్యకూడదనుకున్నాడు. ఈ రోజు బెంజమిన్ అని పేరు పెట్టుకునేవాళ్ళు వెబ్‌సైట్లో "కుడిచేతి కొడుకు" అని చదివి, బలం గల పేరు అనుకుని సంతోషపడతారు. దాని కింద తల్లి పెట్టిన పేరు ఒకటి కప్పబడి ఉంది.

దేవుడిచ్చిన కొడుకు అనే భావానికైతే భాష అడ్డే లేదు. గ్రీకులో థియోడర్, హీబ్రూలో నతానియేలు, రష్యావైపు బొగ్దాన్, ఉర్దూలో ఖుదాబక్ష్, మన దగ్గర వరప్రసాద్. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న ఏ వరప్రసాద్ అయినా ఆఫీసులో పిలవడం కష్టంగా ఉందని "టెడ్" అని మార్చుకుంటే, తెలియకుండానే సరైన అనువాదం చేసుకున్నట్టు. టెడ్ థియోడర్‌కి ముద్దుపేరు.

మా పక్క ఊళ్ళో ఒక లెనిన్, ఒక స్టాలిన్ అన్నదమ్ములు. వాళ్ళ నాన్న పార్టీ మనిషి. స్టాలిన్ అంటే రష్యన్‌లో ఉక్కు మనిషి, అది ఆయన పెట్టుకున్న మారుపేరనీ అసలు పేరు యోసేపు అనీ మా ఊళ్ళో ఎవరికీ తెలియదు, అవసరమూ లేదు. మా ఊరి పక్క స్టాలిన్ పెద్దయ్యాక ఎరువుల షాపు పెట్టుకున్నాడు. అయినా ఆ పేరు వింటే ఆ తండ్రి ఏ కలలు కన్నాడో తెలుస్తుంది. నాకు కావలసింది అంతే.

రేయాంశ్‌కి ఆ "ఎందుకు" ఏమిటి? పుట్టింది స్వాతిలో, మొదటి అక్షరం రే, చివర్లో అంశ్ అంటే ఇప్పుడు నడుస్తోంది. ఇదే మాట బారసాల ముందు రోజు మా మేనకోడలితో అన్నాను. ఈసారి విడిగా, గొంతు తగ్గించి. ఆ పిల్ల కాసేపు ఊరుకుని అంది: "మామయ్యా, ఐదేళ్ళు హాస్పిటళ్ళ చుట్టూ తిరిగాం. ఒక్కోసారి రిపోర్టు వచ్చే ముందు రాత్రి నిద్ర పట్టక ఫోన్లో పేర్లు చూసుకునేదాన్ని. బాబు పుడితే రేయాంశ్ అని అప్పుడే అనుకున్నా. 'రే' రావడం యాదృచ్ఛికం. మీరు రాత్రి అన్నారు కదా, నాకు సరిపోయింది."

నేనేం మాట్లాడతాను? కారణం లేదని అడగకుండానే తేల్చేశాను.

బారసాల మర్నాడు. పళ్ళెంలో బియ్యం పోసి తండ్రి చేత ఉంగరంతో పేరు రాయించారు. రేయాంశ్. పంతులుగారు "ఇంటి పెద్దల పేరు కూడా ఒకటి రాయండి, ఆనవాయితీ" అన్నారు. మా మేనకోడలే మా అమ్మ వైపు తిరిగి, "అమ్మమ్మా, మీ మావగారి పేరు చెప్పు" అంది. మా అమ్మకి ఎనభై నాలుగేళ్ళు. కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆవిడ ఆ పేరు పలకలేదు. అగ్గిపుల్ల అనాల్సి వచ్చినా "పెట్టెలోది ఒకటియ్యి" అనేది. మామగారి పేరు పిల్లలకి పెట్టుకున్న కోడళ్ళు ఆ పేరుతో పిలవలేక తాతయ్య, తాతారావు, తాతబ్బాయి అని పిలుచుకునేవారు. ఇప్పుడు లెడ్జర్లలో కనబడే తాతారావుల్లో సగం మంది అలా వచ్చినవాళ్ళే.

అమ్మ నావైపు చూసింది. నేనే చెప్పాను. రేయాంశ్ కింద పుల్లయ్య అని రాశారు. బియ్యం తక్కువై చివరి "య్య" పళ్ళెం అంచు మీదికి వెళ్ళింది. ఆ బియ్యం పంతులుగారికి ఇవ్వాలా, పరమాన్నంలోకి వాడుకోవచ్చా అని ఆడవాళ్ళు ఒక పక్క వాదించుకుంటున్నారు.

అమ్మ ఉయ్యాల దగ్గరికి వంగి, పిల్లాడి అరచేతిలో వేలు పెట్టి, "ఏం తాతయ్యా, పాలు తాగావా?" అంది.